కడప బండ ముందు తెల్లచీర: వెండెల్ రోడ్రిక్స్‌కు నివాళిగా తీసిన ఫొటోలపై తరచుగా అడిగే ప్రశ్నలు

దివంగత డిజైనర్ వెండెల్ రోడ్రిక్స్ వర్ధంతి ఫిబ్రవరి 12. ఆ రోజున కడపలో ఒక పాత మిద్దె ఇంటి హాలులో మా ఫొటోల ప్రదర్శన మొదలుపెట్టాం. చూడటానికి వచ్చినవారు ఫొటోలోని నేతను వేలితో తడమబోయి ఆగుతూ, తమ చీర అంచుతో పోల్చి చూసుకుంటూ ఎన్నో ప్రశ్నలు వేశారు. కొన్నింటికి అక్కడికక్కడ సరైన జవాబు చెప్పలేకపోయాను. తీరికగా కూర్చుని ఇప్పుడు రాస్తున్నాను.

వెండెల్ రోడ్రిక్స్ ఎవరు? మేము ఎప్పుడూ వినలేదే.

వినకపోవడంలో తప్పేమీ లేదు. మన దగ్గర సినిమా తారల పేర్లు తెలిసినంతగా వాళ్ల బట్టల వెనుక ఉన్నవారి పేర్లు తెలియవు.

ఆయన 1960 మే 28న పుట్టారు. పెరిగింది ముంబైలో, మూలాలు గోవాలో. పూర్వీకుల ఊరు ఉత్తర గోవాలోని కోల్వాలే. మొదట ఎంచుకున్నది హోటల్ రంగం. మస్కట్‌లో రాయల్ ఒమన్ పోలీసు అధికారుల క్లబ్బులో ఉద్యోగం చేశారు. అక్కడ కూడబెట్టిన డబ్బుతో లాస్ ఏంజెలెస్ వెళ్లి, ఆ తర్వాత పారిస్ వెళ్లి దుస్తుల రూపకల్పన నేర్చుకున్నారు. 1989లో ముంబైలోని ఒబెరాయ్ హోటల్లో తొలి ప్రదర్శన పెట్టారు. పన్నెండు రకాలు చూపించారు గానీ పూర్తిగా తయారైనవి ఆరే. మిగిలిన వాటికి కింద వేసుకునే వస్త్రం కొనడానికి కూడా చేతిలో డబ్బు లేదు. ఉన్నంతలోనే ప్రదర్శన జరిపించారు. ఈ సంగతి నాకు చాలా ఇష్టం.

1995లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో జరిగే ఇగెడో వస్త్ర మేళాకు ఆయనను ఆహ్వానించారు. భారతీయ డిజైనర్లలో అలాంటి ఆహ్వానం అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. 2014లో పద్మశ్రీ వచ్చింది. 2020 ఫిబ్రవరి 12న కోల్వాలేలోని తన ఇంట్లో, యాభై తొమ్మిదో ఏట కన్నుమూశారు.

ఆయన పనిలో అంత గొప్పతనం ఏముంది?

మన దేశంలో ఫ్యాషన్ అంటే జరీ, కుందన్లు, అడుగున బరువుగా ఈడ్చుకుంటూ పోయే లెహంగా అనుకునే రోజుల్లో ఆయన అవన్నీ పక్కన పెట్టారు. తెల్లటి నూలు, నార వస్త్రం, శరీరానికి గాలి తగిలే కోత, ఒకటి రెండు మడతలు. అంతే. సముద్రపు ఒడ్డున వేడికి, చెమటకు తగినట్టు హాయిగా వేసుకునే బట్టను ఫ్యాషన్ వేదిక ఎక్కించిన తొలితరం వారిలో ఆయనొకరు. ఖాదీని జర్మనీలో జరిగే సేంద్రియ ఉత్పత్తుల మేళా దాకా తీసుకువెళ్లారు.

తగ్గించడం చాలా కష్టమైన పని. కుట్టు సరిగా పడకపోతే దాని మీద ఒక పూసో పువ్వో కుట్టి కప్పేయవచ్చు. ఏమీ లేని తెల్లబట్ట మీద కుట్టు వంకరపోతే అందరికీ కనిపిస్తుంది. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్ల ఫొటోలు తీస్తున్న నాకు ఆ తేడా బాగా తెలుసు. నగలు నిండుగా ఉన్న పెళ్లికూతురిని ఎలా తీసినా ఫొటో నిండుగానే వస్తుంది. నగ లేని మెడను తీయాలంటే వెలుతురును నమ్ముకోవాలి.

కడపకూ ఆయనకూ సంబంధం ఏమిటి?

ఆయనకు మన ఊరితో సంబంధం లేదు. నాకు ఆయనతో ఉంది. అది ఒక చీర వల్ల ఏర్పడింది.

ఆయన పోయిన మరునాడు పత్రికలో వచ్చిన కథనాల పక్కన ఒక ఫొటో వేశారు. ఎర్ర గళ్ల నూలు చీర. గోవాలో కుంబి చీర అంటారని రాశారు. నేను మాత్రం అది మా అవ్వ చీర అనుకున్నాను. సిద్ధవటం మండలం మాధవరంలో మా జేజినాయన (తాత) గుంట మగ్గం మీద నేసిన గళ్ల చీరలనే అవ్వ చివరిదాకా కట్టింది. పండగకు పట్టుచీర పెట్టినా మధ్యాహ్నం భోజనం అయ్యేసరికి మార్చుకుని మళ్లీ గళ్ల చీరలోకి వచ్చేది. ఆమె పోయాక ఆ చీరలు చింపి పిల్లల పక్కల కింద వేశాం. ఒక్కటి కూడా దాచలేదు. దాచుకోదగిన వస్తువని మాకు తట్టనేలేదు.

అదే రకం చీరను ఒక మనిషి ఢిల్లీ ఫ్యాషన్ వారోత్సవంలో దేశమంతా చూసేలా నిలబెట్టాడని చదివినప్పుడు కళ్ల నీళ్లు ఆగలేదు. ఈ ఫొటోల పని ఆ రోజే మనసులో మొదలైంది. తర్వాత నెలకే కరోనా వచ్చి మగ్గాలూ ఆగాయి, పెళ్లిళ్లూ ఆగాయి. నా ఆలోచన కూడా చాలాకాలం ఆగింది.

కుంబి చీర గురించి ఇంకాస్త చెబుతారా?

తప్పకుండా. ప్రదర్శనకు ప్రాణం అదే.

గోవాలో కుంబి, గావ్‌డా సముదాయాల స్త్రీలు పొలం పనుల్లో కట్టుకున్న చీర అది. ముతక నూలు, ఎక్కువగా ఎరుపు గళ్లు. పొట్టిగా, మోకాలి కింది దాకా వచ్చేలా కట్టి, కొంగును భుజం మీద ముడి వేస్తారు. వరి మడిలో దిగి నాటు వేసే మనిషికి కాళ్లకు అడ్డుపడే కుచ్చిళ్లు పనికిరావు, జారిపోయే పైట పనికిరాదు. ఆ కట్టు పుట్టింది పని నుంచి. మన దగ్గర చెనక్కాయ చేలో కలుపు తీసే స్త్రీ చీర ఎగ్గట్టి నడుములో దోపుకోవడం చూశారు కదా, ఆ అవసరమే అక్కడ చీర పొడవునే మార్చింది.

గోవాలో పోర్చుగీసు పాలన 1510 నుంచి 1961 దాకా సాగింది. ఆ కాలంలో వేషధారణ చాలా మారింది. ఆ తర్వాత మిల్లు బట్ట, చవక చీర వచ్చాయి. స్థానికంగా కుంబి నేత దాదాపు కనుమరుగైంది. రోడ్రిక్స్ పాత చీరలు వెతికి, వాటి గళ్లను, రంగును చూసి, చేమగ్గం మీద మళ్లీ నేయించారు. పొడవు పెంచి ఇప్పటివారు కట్టుకోగలిగేలా చేశారు. గోవా దుస్తుల చరిత్ర మీద ఏళ్ల తరబడి పరిశోధించి పెద్ద పుస్తకమే రాశారు. కోల్వాలేలో తాను నివసించిన శతాబ్దాల నాటి ఇంటిని దుస్తుల మ్యూజియానికి ఇచ్చేశారు. తన పేరుతో నడిచే సంస్థ రూపకల్పన బాధ్యతను 2016లో తన దగ్గర పనిచేసిన షూలెన్ ఫెర్నాండెజ్‌కు అప్పగించి, మిగిలిన కాలమంతా ఆ మ్యూజియానికే పెట్టారు.

పేరు, డబ్బు వచ్చాక మనిషి వెనక్కి తిరిగి తన ఊరి కూలి స్త్రీ చీరను చూడటం నాకు పెద్ద విషయంగా అనిపిస్తుంది. పద్మశ్రీ కంటే పెద్దదిగా.

ఈ ఫొటోల్లో ఉన్నవి ఆయన కుట్టిన దుస్తులేనా?

కావు. ఒక్కటి కూడా కాదు. ఆ అపోహ రాకూడదనే హాలు గుమ్మం దగ్గరే పెద్ద అక్షరాలతో రాసి పెట్టాం.

ఆయన దుస్తులు తెప్పించి తీయాలని మొదట నాకూ ఉండేది. తర్వాత ఆలోచిస్తే అది నివాళి కాకుండా ప్రకటన అవుతుందనిపించింది. ఆయన గోవా బట్ట వైపు చూసిన చూపుతో మనం మన బట్ట వైపు చూద్దాం అని నిర్ణయించుకున్నాం. అందుకే ఫొటోల్లో ఉన్నవన్నీ ఈ జిల్లావే. మాధవరంలో నేయించిన గళ్ల చీరలు, తెల్లచీరలు, పంచెలు, అదే తెల్లనూలుతో కడపలో కుట్టించిన కొన్ని అంగీలు.

అంగీల గురించి ఒక మాట. మగ్గం మీద నుంచి దిగిన బట్ట ఎంత వెడల్పు ఉందో అంత వెడల్పునూ వాడాం. చతురస్రాలు, దీర్ఘచతురస్రాలు తప్ప వేరే కోత లేదు. మెడకు ఒక చీలిక, పక్కలకు రెండు కుట్లు. మా దర్జీ నలభై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్న పెద్దాయన. కింద ఒక్క పీలిక కూడా పడలేదని చూసి, "కత్తెరకు పని లేకుండా చేశారమ్మా" అన్నారు. ఆయన నవ్వుతున్న ఫొటో కూడా ప్రదర్శనలో ఉంది, మెట్ల దగ్గర.

తెల్లచీరలు ఎందుకు? అశుభం కదా?

అన్నిటికంటే ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఇది. కొందరు అడగలేక మౌనంగా వెళ్లిపోయారని కూడా తెలుసు. కాబట్టి వివరంగా చెబుతాను.

భర్త పోయిన స్త్రీకి తెల్లచీర కట్టబెట్టిన కాలం మన ఇళ్లలో ఉంది. ఆ బాధ నిజం. ఎవరి మనసులోనైనా తెల్లచీర అంటే ఆ జ్ఞాపకం కదిలితే దాన్ని తీసిపారేసే హక్కు నాకు లేదు. మా ఫొటోల్లో నిలబడిన ఒక పెద్దావిడ కూడా మొదట ఒప్పుకోలేదు. "నాకెందుకమ్మా తెల్లచీర, ఆయన ఇంకా ఉన్నాడు" అన్నది.

అప్పుడు ఆమెకు నేను తీసిన పెళ్లి ఆల్బమ్ ఒకటి చూపించాను. జీలకర్ర బెల్లం వేళ పెళ్లికూతురు కట్టుకున్నది ఏమిటి? మధుపర్కాలు. తెల్లటి నూలు చీర, పసుపు పూసిన ఎర్ర అంచు. మెడలో మంగళసూత్రం పడేది ఆ తెల్లబట్టలోనే. పక్కన పెళ్లికొడుకు పంచె కూడా తెలుపే. మన కడపలోనే క్రైస్తవుల పెళ్లికి వెళ్లండి, పెళ్లికూతురు తల నుంచి కాలి దాకా తెలుపులో ఉంటుంది. ఇంత శుభమైన చోట ఉన్న రంగు ఒక్క వైధవ్యానికే చెందినదని ఎలా అంటాం? ఆమె ఆల్బమ్ పేజీలు చాలాసేపు తిప్పి, "అవును, నా పెళ్లిలో కూడా అదే" అన్నది. మరునాడు తానే పసుపు పెట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చింది. ఆ ఫొటోనే హాలులో ఎదురుగా కనిపించే పెద్ద ఫొటో.

రోడ్రిక్స్‌కు తెలుపు ఎంతో ఇష్టమైన రంగు. ఆయన తెల్లని దుస్తులను వరుసగా చూసినప్పుడు నాకు మధుపర్కాలే గుర్తుకు వచ్చాయి. పోలిక నాది, ఆయనది కాదు.

మోడల్స్ ఎక్కడి నుంచి వచ్చారు?

ఇక్కడి నుంచే. చిన్నప్పటి నుంచి మగ్గానికి నూలు కండెలు చుడుతున్న పెద్దావిడ, ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని, పండ్లు అమ్ముకునే ఆమె, ఒక నేత యువకుడు, ఇద్దరు కళాశాల విద్యార్థినులు. వారిలో ఒక అమ్మాయి తాను లావుగా ఉన్నానని ఫొటోలకు ఎప్పుడూ వెనుక వరుసలో నిలబడేదట. ఇక్కడ ముందు నిలబడింది. చీరకు కొలత లేదు, ఏ ఒంటికైనా చాలుతుంది. ఈ మంచి గుణాన్ని మనం మరిచిపోయి బొమ్మకు తొడిగిన జాకెట్ చూసి ఒళ్లు తగ్గించుకోవాలనుకుంటున్నాం.

నడవడం, నిలబడటం ఎవరికీ నేర్పలేదు. "మీ ఇంటి గడప దగ్గర ఎవరికోసమో ఎదురు చూస్తున్నట్టు నిలబడండి" అని మాత్రం అనేదాన్ని. అందరికీ వారి వారి రోజు కూలి ఇచ్చాం. పేర్లు వారు ఒప్పుకుంటేనే రాశాం.

వెనుక కనిపించే ఆ నల్లటి గోడ ఏమిటి? స్టూడియో పరదానా?

కడప బండ. మన ఇళ్ల కింద పరిచేది, వంటింటి గట్టుకు వేసేది, అదే నల్లని సున్నపురాయి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు వెళితే దారి పొడవునా నిలబెట్టి ఉంటాయి. దేశమంతా దాన్ని కడప పేరుతోనే పిలుస్తుంది. మన ఊరి పేరు మోసే వస్తువు ఇంత దగ్గర ఉండగా బట్ట పరదా ఎందుకు తేవాలి?

మొదట మెరుగు పెట్టిన బండలు తెచ్చాం. పనికిరాలేదు. ఆకాశం, కెమెరా, నేను, అందరం అందులో కనిపించాం. తర్వాత మెరుగు పెట్టని, పొరగా చీల్చిన గరుకు బండలు తెచ్చి గోడకు ఆనించాం. ఆ గరుకుతనం మీద వెలుతురు విరిగి, బొగ్గు మీద బూడిద పడినట్టు మెత్తటి నలుపు వచ్చింది. దాని ముందు తెల్లనూలు నిలబడితే ప్రతి పోగూ లెక్కపెట్టవచ్చు. ఒకే ఇబ్బంది. ఎండ పైకి వచ్చేసరికి బండ కాలిపోతుంది. మోడల్స్ చెప్పులు లేకుండా నిలబడాలి కాబట్టి ఉదయం తొమ్మిది లోపే ముగించి, మళ్లీ సాయంత్రం నీళ్లు చల్లి మొదలుపెట్టేవాళ్లం. నీళ్లు ఆరుతున్నప్పుడు బండ మీద పడే మచ్చలు రెండు ఫొటోల్లో వచ్చాయి. అవి కావాలనే ఉంచాను.

తెల్లబట్టను నల్లని రాయి ముందు తీయడంలో మెలకువలు చెబుతారా? నేనూ ఫొటోగ్రాఫర్‌నే.

సంతోషంగా. కెమెరాలోని వెలుతురు కొలత ప్రతి దృశ్యాన్నీ మధ్యరకం బూడిద రంగుగా భావిస్తుంది. ఫ్రేము నిండా తెల్లచీర ఉంటే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, చీర మాసిపోయినట్టు వస్తుంది. ఫ్రేములో నల్లబండ ఎక్కువ ఉంటే చీకటిగా ఉందనుకుని పెంచుతుంది, చీర తెల్లగా కాలిపోయి నేత మాయమవుతుంది. అందుకే ఆటోమేటిక్‌ను వదిలి, చీర నుంచి తిరిగి వచ్చే వెలుతురును విడిగా కొలిచి, ఒక స్టాపు (అంటే రెట్టింపు వెలుతురు) నుంచి ఒకటిన్నర స్టాపు దాకా పెంచి తీశాను. బండ ఎలాగూ నల్లగానే ఉంటుంది.

గళ్ల చీరలతో వేరే తలనొప్పి. సన్నని గళ్లు, నేతలోని పోగుల వరుస కెమెరా సెన్సారులోని గడులతో ఢీకొంటే బట్టలో లేని అలలు, రంగు చారలు ఫొటోలో పుడతాయి. కంప్యూటర్‌లో వాటిని తీసేయాలని చూస్తే నేత కూడా పోతుంది. రెండడుగులు ముందుకో వెనక్కో జరిగితే, లేదా చీరను కొంచెం ఏటవాలుగా తిప్పితే చాలావరకు పోతాయి. ఫొటో తీసిన వెంటనే తెర మీద పెద్దదిగా చేసి చూసుకోవాలి. చిన్న తెర మీద కొన్నిసార్లు ఉన్నవి కనిపించవు, లేనివి కనిపిస్తాయి.

ఫ్లాష్ వాడలేదు. నీడ వైపు వెలుతురు నింపడానికి మా నాన్న పంచెను రెండు కర్రలకు కట్టి పట్టుకున్నాం. తెల్లబట్ట మీద తెల్లబట్ట నుంచి వచ్చిన వెలుతురు పడితే కలిగే మెత్తదనం మరే పరికరంతోనూ నాకు రాలేదు.

గంజిని కూడా తేలికగా తీసుకోకండి. గంజి పెట్టిన నూలు చీర కొంగు శిల్పంలా నిలబడుతుంది, మడత అంచు కత్తిలా వస్తుంది. గంజి లేని చీర ఒంటిని అనుసరించి నీళ్లలా జారుతుంది. ఒకే చీరను మొదట గంజితో, తర్వాత రెండుసార్లు ఉతికి తీశాం. ఆ జంట ఫొటోలు కిటికీ పక్కన ఉన్నాయి. చాలామంది అవి రెండు వేరు వేరు చీరలనుకున్నారు.

గండికోటలో కూడా తీశారు కదా. అనుమతి కావాలా?

పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల దగ్గర సందర్శకులు చేత్తో పట్టుకుని తీసుకునే ఫొటోలకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. ముక్కాలి స్టాండు, లైట్లు, వ్యాపార చిత్రీకరణ అయితే ముందుగా అనుమతి తీసుకోవాలి. డ్రోన్ సంగతి వేరే, దానికి వేరే అనుమతులు. మేము స్టాండు లేకుండా, ముగ్గురం మాత్రమే వెళ్లాం.

జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. తెల్లవారకముందే చేరితే ధాన్యాగారం గోడ మీద, జామా మసీదు మినార్ల మీద తొలి ఎండ పడి ఎర్రరాయి తేనె రంగులోకి వస్తుంది. ఎర్ర గళ్ల చీరలకు ఆ గోడే సరిపోయింది. గుడి లోపల, మసీదు లోపల తీయలేదు. అవి మొక్కుకునే చోట్లు, మా పనికి బయటి గోడ చాలు. పెన్న లోయ అంచున చీర ఎగురుతున్న ఫొటో ఎందుకు లేదని కుర్రాళ్లు అడుగుతున్నారు. అంచు దగ్గర గాలి ఎప్పుడు ఎటు లాగుతుందో తెలియదు, ఎగిరే కొంగు మనిషిని లాగేస్తుంది. ఏ ఫొటో కోసమూ ఎవరినీ అక్కడ నిలబెట్టను. మీరూ నిలబెట్టకండి.

ఫొటోల్లో తెలుపు ఇంత సహజంగా ఉంది. ఎక్కడ ముద్రించారు?

మొదటిసారి ముద్రించినవి పారేయాల్సి వచ్చింది. ఒక ల్యాబులో మెరిసే కాగితం మీద వేయించాం. హాలులో ట్యూబులైటు కింద పెట్టగానే చీరలన్నీ నీలిమందు ఎక్కువైనట్టు కనిపించాయి. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాల ప్రభావం అది. చాలా డబ్బు, పది రోజులు పోయాయి. రెండోసారి ఆ రసాయనాలు లేని, మెరుపు లేని నూలు కాగితం తీసుకున్నాం. నూలు చీర ఫొటో నూలు కాగితం మీద ఉండటం నాకు ఇప్పుడు న్యాయంగా తోస్తోంది.

ఆయనకు సినిమాలతో సంబంధం ఉందా?

కొంచెం. నటి అనుష్కా శర్మ మోడల్‌గా తొలి అడుగు వేసింది ఆయన ప్రదర్శనలోనే, 2007లో, లాక్మే ఫ్యాషన్ వారోత్సవంలో. అంతకంటే ఎక్కువగా ఈ విషయం మీద రాయాలని లేదు.

ఆయన కుటుంబం?

ఆయన జీవిత సహచరుడు ఫ్రాన్స్‌కు చెందిన జెరోమ్ మారెల్. ఫ్రెంచి చట్టం ప్రకారం 2002లో గోవాలో వారి బంధం నమోదైంది. మన దేశంలో ఆ మాట పైకి చెప్పడమే కష్టమైన రోజుల్లో రోడ్రిక్స్ దాచకుండా జీవించారు, తనలాంటి వారి హక్కుల కోసం బహిరంగంగా మాట్లాడారు. పరిచయ పత్రంలో ఈ వాక్యాలు ఎందుకు పెట్టారని ఒకరిద్దరు అడిగారు. ఒక మనిషికి నివాళి అర్పిస్తూ ఆయన ధైర్యాన్ని వదిలేయడం నాకు చేతకాదు.

వానలు లేక, పంటలు లేక జనం వలస పోయే సీమలో ఫ్యాషన్ ఫొటోలు అవసరమా?

ఈ ప్రశ్న అడిగిన పెద్దాయనకు నా మీద కోపం లేదు, ఊరి మీద దిగులు ఉంది. అందుకే నాకు గౌరవం.

మాధవరంలో మా వీధి నుంచి కూడా ఎందరో వలస పోయారు. వారిలో చాలామందికి పొలం లేదు, మగ్గం ఉంది. పొలానికి వాన ఎలాగో మగ్గానికి కట్టుకునేవాళ్లు అలాగ. పడుగు (నిలువు పోగులు) సిద్ధం చేసుకుని, అచ్చు అతికి (పాత పోగులకు కొత్తవి కలిపి), ఇంటిల్లిపాదీ కష్టపడి నేసిన చీర పక్కన, దాన్నే చూసి మర మగ్గం మీద వేగంగా దింపిన చీర పెడితే కొనేవారికి ధర ఒక్కటే కనిపిస్తుంది. కొన్ని రకాల వస్త్రాలను చేమగ్గాలకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. చట్టం అవసరమే. అయితే కట్టుకోవాలన్న కోరికను ఏ చట్టమూ పుట్టించలేదు. దాన్ని పుట్టించేది చూపు. ముతక గళ్ల చీరలో అందం ఉందని ఒకరు చూపిస్తే మరొకరికి కనిపిస్తుంది. రోడ్రిక్స్ గోవాలో చేసింది అదే. ఆ పనికి ఫ్యాషన్ అని పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

నేతవారికి దీని వల్ల ఏమైనా ముట్టిందా?

చీరలన్నీ వారు చెప్పిన ధరకే, బేరం లేకుండా, ముందుగా డబ్బు ఇచ్చి కొన్నాం. ప్రతి ఫొటో కింద మొదటి పేరు నేసినవారిది, రెండోది కట్టుకున్నవారిది, మూడోది కుట్టినవారిది, చివరిది నాది. గళ్ల చీర నేయడం మానేసి ఇరవై ఏళ్లయిందన్న ఒకాయన మా కోసం మళ్లీ ఆ లెక్క గుర్తు చేసుకుని పడుగు కట్టారు. మొదటి గజం తప్పింది. విప్పి మళ్లీ నేశారు. ప్రదర్శన మొదలయ్యాక ఆయనకు మరికొన్ని చీరలకు అడ్వాన్సు వచ్చింది. కొద్ది చీరలే, ఎక్కువ చేసి చెప్పను.

నాకూ అలాంటి చీర కావాలి. చేనేతో కాదో ఎలా గుర్తుపట్టాలి?

మేము అమ్మడం లేదు. హాలులో ఒక పుస్తకం పెట్టాం, అందులో మీ పేరు రాస్తే నేతవారికే అందజేస్తాం. వారు మీతో మాట్లాడుకుంటారు.

గుర్తుపట్టడానికి ముందు అంచులు చూడండి. నేసేటప్పుడు బట్ట వెడల్పు తగ్గకుండా రెండంచులకూ గుచ్చి పట్టే కర్ర ఒకటి ఉంటుంది. దాని ముళ్లు పడిన సన్నని చిల్లులు చాలా చేనేత చీరల అంచు వెంట కనిపిస్తాయి. తర్వాత వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. చేత్తో నేసినదానిలో పేక (అడ్డ పోగులు) అక్కడక్కడ కాస్త దగ్గరగా, కాస్త దూరంగా ఉంటుంది. నేసే మనిషి అలసిన గంట, ఉత్సాహంగా ఉన్న గంట అందులో తెలుస్తాయి. చేనేత గుర్తు ఉన్న చీటీ ఉంటే మంచిదే, కానీ చీటీని కాకుండా బట్టను చదవడం నేర్చుకోండి.

ప్రవేశానికి టికెట్ ఉందా? ఫొటోలు తీసుకోవచ్చా?

టికెట్ లేదు. ఫోనుతో తీసుకోండి, ఫ్లాష్ మాత్రం వద్దు. పిల్లలను తీసుకురండి. లోపలి గదిలో ఒక చిన్న మగ్గం ఉంది, నాడె (పేక నూలును అటూ ఇటూ మోసే కర్ర సాధనం) విసిరి చూడవచ్చు.

ప్రదర్శన తర్వాత ఈ ఫొటోలు ఎక్కడికి వెళతాయి?

ముందు మాధవరం వెళతాయి. నేసినవారిలో సగం మంది కడప దాకా రాలేకపోయారు. మగ్గం దిగితే ఆ రోజు కూలి పోతుంది. అందుకని మా పాత వీధిలోనే, మా జేజినాయన ఇంటి అరుగు మీద, ఎదురింటి గోడకు, కడప బండలకే ఆనించి పెడతాం. చీకటి పడ్డాక, మగ్గాలు ఆగాక చూస్తామన్నారు. లైట్లు కావాలి. ట్యూబులైట్లు వద్దని చెప్పాను, పసుపు బల్బులు వెతుకుతున్నాం.